గురి నేర్వాలంటే ఏ పిస్తోలు కొనాలి?

బేస్తవారిపేట: తిరునాళ్లకు పోయిన ప్రతివారికీ బుడగల బండి తెలిసిందే. చెక్కకు వరుసగా రంగు బుడగలు కట్టి, చేతికి ఒక గాలి తుపాకి ఇచ్చి, ఇన్ని రూపాయలకు ఇన్ని గుండ్లని బండివాడు పిలుస్తుంటాడు. ఆ తుపాకి గురి కాస్త వంకరగా ఉంటుందని అనుభవజ్ఞులకు తెలుసు. మొదటి గుండు ఎటు పోయిందో చూసుకొని, రెండోది ఆ మేరకు పక్కకు పెట్టి పేల్చి బుడగ పగలగొడతారు. మన పల్లెల్లో చాలామందికి తుపాకితో ఉన్న పరిచయం అంతవరకే.

ఇప్పుడు అంతవరకే లేదు. 2024 జూలై నెలాఖరున పారిస్ ఒలింపిక్సులో మను భాకర్ పిస్తోలు పోటీల్లో రెండు కాంస్య పతకాలు గెలిచిన దగ్గర నుండి, సెల్‌ఫోనులో ఆ ఆట చూసిన పిల్లలు ఇంట్లో కొత్త కోరిక కోరుతున్నారు. ఈ మండలంలోని ఒక రైతు కూతురు అలాగే అడిగింది. డిగ్రీ చదువుతున్న పిల్ల. తండ్రికి మిరప, కంది సాగు. కూతురు మాట తీసివేయలేక ఆయన నలుగురినీ విచారించాడు. నలుగురూ నాలుగు రకాలుగా చెప్పారు. ఒకరు లైసెన్సు లేనిదే ముట్టుకోకూడదన్నారు. ఒకరు రెండు లక్షలు లేనిదే మాట్లాడవద్దన్నారు. వరుసకు బావమరిది అయ్యే మరొకాయన మాత్రం తేలిక దారి చూపించాడు. ఇరవై వేలకు కాగితాలేమీ లేకుండా ఒకటి ఇప్పిస్తానని, పాపకు గురి నేర్చుకోవడానికి, ఆయనకు రాత్రిపూట చేనికాడ పందులకు, రెండింటికీ పనికొస్తుందని అన్నాడు.

ఆ రైతు ఈ విలేకరి దగ్గరకు వచ్చినప్పుడు అడిగిన ప్రశ్న ఒక్కటే. "సారూ, ఈ మూడింట్లో ఏది నిజం?" మొదటి రెండూ సగం సగం నిజాలు. మూడోది జైలుకు దారి. ఇలాంటి ప్రశ్న మరికొన్ని ఇళ్లలోనూ ఉండవచ్చు గనుక వివరంగా రాయవలసి వచ్చింది.

ఇరవై వేల బేరం

మొదట ఆ బావమరిది మాట తేల్చుకుందాం. లైసెన్సు లేకుండా పిస్తోలు, రివాల్వరు వంటివి దగ్గర ఉంచుకోవడం 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం నేరం. 2019 డిసెంబరులో ఆ చట్టాన్ని సవరించి శిక్ష పెంచారు. అంతకుముందు కనీసం ఏడాది ఉన్న జైలు ఇప్పుడు కనీసం రెండేళ్లు, గరిష్ఠంగా ఐదేళ్లు. జరిమానా అదనం. తయారు చేసినవారికీ అమ్మినవారికీ ఏడేళ్ల నుండి యావజ్జీవం దాకా ఉన్నది. "నాది కాదు, మా బావమరిది ఇచ్చాడు" అంటే కుదరదు. ఇంట్లో దొరికితే ఇంటి యజమాని మీదకే వస్తుంది.

చట్టం సంగతి అటుంచినా, నాటు పిస్తోలు గురి నేర్చుకోవడానికి ఎందుకూ పనికిరాదు. దాని గొట్టం నీళ్ల పైపు ముక్కో, లారీ స్టీరింగు కడ్డీయో అయి ఉంటుంది. లోపల మరలు మరలుగా చెక్కిన గాడులు ఉండవు. ఆ గాడులే గుండును తిప్పి సూటిగా పంపేది. అవి లేనిదే పది మీటర్లలో కూడా ఒక గుండు పడిన చోట రెండోది పడదు. పైగా ఆ ఇనుము పేలుడు ఒత్తిడికి ఆగుతుందని ఎవరూ పరీక్షించి ఉండరు. లైసెన్సు పొందిన కర్మాగారంలో తయారైన ప్రతి తుపాకినీ మామూలు కంటె ఎక్కువ మందు గల తూటాతో పేల్చి చూసి, నిలిచినదాని మీదనే ముద్ర వేస్తారు. నాటు సరుకుకు ఆ పరీక్ష జరిగేది కొన్నవాడి చేతిలోనే.

ఇక పందుల సంగతి. నల్లమల అంచున సాగు చేసేవారికి అడవిపందుల బాధ ఎంతో ఈ పత్రిక చదివేవారికి చెప్పనవసరం లేదు. కాని పందిని గాని, నెమలిని గాని చంపడం 1972 నాటి వన్యప్రాణి చట్టం కిందకు వస్తుంది. అటవీ అధికారుల అనుమతి లేకుండా చేస్తే దానికి వేరే కేసు. పైరు కాపలాకు ఆయుధాల చట్టంలోనే ఒక వెసులుబాటు ఉన్నది. నిజమైన పంట రక్షణకని అడిగితే మందు దట్టించే పాత తరహా తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చునని అందులో స్పష్టంగా రాసి ఉంది. పిస్తోలుకు అలాంటి వెసులుబాటు లేదు. పంట కోసం పిస్తోలు అడిగినవారికి ఏ కలెక్టరూ లైసెన్సు ఇవ్వడు. పిస్తోలు గురి కూడా అంత దూరం అందదు.

లైసెన్సు అక్కరలేనిది ఉన్నది

రైతుకు చాలా ఆశ్చర్యం కలిగించిన విషయం ఒకటి ఉంది. మను భాకర్ పారిస్‌లో వాడిన పిస్తోలు వంటిదానికి మన దేశంలో లైసెన్సే అక్కరలేదు. అది మందుతో పేలేది కాదు, గాలితో పేలేది. గొట్టం లోపలి కొలత 4.5 మిల్లీమీటర్లు మించకుండా, గుండు బయటకు వచ్చే శక్తి 20 జౌళ్లు మించకుండా ఉంటే ఆ గాలి తుపాకిని 2016 నాటి ఆయుధాల నియమావళి లైసెన్సు నుండి మినహాయించింది. పోటీ పిస్తోలు నుండి అర గ్రాము సీసపు గుండు సెకనుకు 150 మీటర్ల దరిదాపు వేగంతో పోతుంది. లెక్క కడితే ఆరు జౌళ్లకు లోపే. అంటే చట్టం గీసిన గీతకు చాలా కింద ఉన్నది. షాపులో గుర్తింపు కార్డు, చిరునామా పత్రం అడిగి రిజిస్టరులో రాసుకుంటారు. బిల్లు మాత్రం తప్పక తీసుకొని దాచుకోవాలి. బస్సులోనో రైల్లోనో పెట్టె తెరిపించినప్పుడు మీ తరఫున మాట్లాడేది ఆ బిల్లే.

లైసెన్సు అక్కరలేదు కదా అని ఇది ఆటబొమ్మ అనుకోరాదు. పది అడుగుల నుండి తగిలితే కన్ను పోతుంది. నడుముకు పెట్టుకొని బజారుకు వస్తే చూసినవారికి అది అసలు పిస్తోలుకు తేడా తెలియదు, పోలీసులకూ తెలియదు.

పది మీటర్ల ఎయిర్ పిస్తోలు పోటీ 1988 సియోల్ ఒలింపిక్సు నుండి జరుగుతున్నది. నిబంధనలు చాలా సూటిగా ఉంటాయి. పిస్తోలు బరువు కిలోన్నర మించరాదు. ట్రిగ్గరు అర కిలో బరువుకు లోపల పడిపోకూడదు. ఒక్క చేత్తోనే పట్టుకోవాలి. మణికట్టుకు ఏ ఆధారమూ ఉండకూడదు. గంటా పావులో 60 గుండ్లు. పది మార్కుల వలయం అడ్డం 11.5 మిల్లీమీటర్లు, అనగా చొక్కా గుండీ అంత. ముప్పై మూడు అడుగుల దూరం నుండి చొక్కా గుండీని ఒంటి చేత్తో అరవై సార్లు కొట్టడమే ఆట.

మన తెలుగునాట దీనికి పెద్ద పేరు తెచ్చిన పిల్ల హైదరాబాదు ఈషా సింగ్. గచ్చిబౌలి రేంజిలో చిన్న వయసులోనే మొదలుపెట్టి, 2018లో పదమూడేళ్లకే జాతీయ చాంపియన్ అయింది. 2023లో హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడల్లో ఒక స్వర్ణం, మూడు రజతాలు తెచ్చింది. అంతకు ముందు 2012 లండన్ ఒలింపిక్సులో ఎయిర్ రైఫిలులో కాంస్యం గెలిచిన గగన్ నారంగ్ కూడా హైదరాబాదులో పెరిగినవాడే. వీరిద్దరూ మొదలుపెట్టింది గాలి తుపాకితోనే.

నమ్మకం అంటే ఏమిటి?

పిస్తోలు కొనేవారు పేరు చూస్తారు, ధర చూస్తారు. చూడవలసిన మొదటి విషయం, అది ప్రతిసారీ ఒకే మాదిరిగా పేలుతుందా అన్నది. ఎంత పేరున్నదైనా మొరాయించవచ్చు. 2021 జూలై 25న టోక్యోలో మను భాకర్‌కు జరిగినది అదే. అర్హత పోటీ నడుమ పిస్తోలు కాకింగ్ లివరు విరిగింది. బాగుచేయించుకొని మళ్లీ గీత దగ్గరకు వచ్చేసరికి గడియారంలో బోలెడు నిమిషాలు పోయాయి. ఆ పిల్ల 575 మార్కులు చేసి పన్నెండో స్థానంలో ఆగింది. ఫైనలుకు ఎనిమిది మందే పోతారు. మరో రెండు మూడు మార్కులు వచ్చి ఉంటే కథ వేరు. ఆమె చేతిలో ఉన్నది ప్రపంచంలో మేలైన పిస్తోళ్లలో ఒకటి. పక్కనే బాగుచేయించేందుకు మనుషులూ ఉన్నారు. మన ఊళ్లో అది విరిగితే బాగుచేసేవారు ఎవరు? హైదరాబాదుకో, ఇంకా దూరమో పంపవలసిందే. కాబట్టి మనకు ఎంత తక్కువ భాగాలుంటే అంత మేలు.

గాలి పిస్తోళ్లు మూడు తరహాలు. స్ప్రింగుతో పనిచేసేది అన్నిటికంటే చవక, కొన్ని వేలల్లో వస్తుంది. బుడగల బండివాడి తుపాకికి ఇది తమ్ముడు. ట్రిగ్గరు నొక్కగానే లోపలి స్ప్రింగు విసురుగా ముందుకు పోయి చేతిని కుదిపేస్తుంది. గుండు గొట్టంలో ఉండగానే పిస్తోలు కదులుతుంది. సరదాకు బాగానే ఉంటుంది గాని, దీని మీద నేర్చిన చెయ్యి పోటీ పిస్తోలు పట్టినప్పుడు సగం మళ్లీ నేర్చుకోవాలి. డబ్బు తక్కువని దీనితో మొదలుపెట్టి ఆరు నెలలకు పక్కన పడేసేవారే ఎక్కువ.

రెండో తరహాలో ప్రతి గుండుకూ ఒక పెద్ద మీటను చేత్తో లాగి మూసి గాలిని నొక్కి పెట్టాలి. కదలిక ఉండదు. సిలిండరు లేదు, నింపే పని లేదు. రష్యాలోని ఇజెవ్‌స్క్ కర్మాగారంలో తయారైన ఇజ్-46 రకం ఈ కోవలోదే. చవకలో మన్నికైనదని ప్రపంచమంతటా కొత్తవారిలో పేరు తెచ్చుకున్నది. అరవై సార్లు మీట లాగేసరికి భుజం నొప్పి పుడుతుంది, అదొక్కటే లోపం. మడక పట్టిన ఇంటి పిల్లలకు అదేమంత లెక్క కాదు. పాతదైనా మంచి స్థితిలో దొరికితే పల్లెలో ఉన్నవారికి ఇంతకన్న సరైనది లేదని ఈ విలేకరి అభిప్రాయం. దొరకడమే కష్టం.

మూడోది ఇప్పుడు పోటీల్లో అందరూ వాడేది. గొట్టం కింద చిన్న సిలిండరులో 200 బార్ల ఒత్తిడితో గాలి నింపుతారు. మోటారు సైకిలు టైరులో ఉండే గాలికి ఇది దాదాపు నూరు రెట్లు. స్విట్జర్లాండు మోరినీ, ఆస్ట్రియా స్టైయర్, ఇటలీ పార్దీనీ, జర్మనీ వాల్తర్, ఫైన్‌వెర్క్‌బావ్ కంపెనీలవి పేరున్నవి. కొత్తది రెండు లక్షల రూపాయలకు అటూ ఇటూ ఉంటుంది. వీటిలో మొగ్గు ఏదంటే చెప్పడం కష్టం. చేతికి పిడి అమరినదే మంచిది. కొన్నిటికి కరెంటు ట్రిగ్గరు, కొన్నిటికి మామూలు యాంత్రిక ట్రిగ్గరు ఉంటాయి. మనవంటి చోట యాంత్రికమే నయం. బ్యాటరీ అయిపోయిందనీ, తేమకు సర్క్యూటు చెడిందనీ దిగులు ఉండదు.

ఈ సిలిండరు నింపడం పల్లెలో పెద్ద చిక్కు. పంక్చరు షాపు కంప్రెసరు పది బార్లు దాటి ఇవ్వలేదు. దీనికి ప్రత్యేకమైన చేతి పంపు గాని, ఈతగాళ్లు వీపున కట్టుకునే పెద్ద గాలి సిలిండరు గాని కావాలి. ఒక్క హెచ్చరిక గట్టిగా చేయవలసి ఉన్నది. వెల్డింగు షాపులోనో, ఆసుపత్రిలోనో ఉన్న ఆక్సిజను నింపుదామని ఎవరైనా సలహా ఇస్తే వినవద్దు. అంత ఒత్తిడిలో ఆక్సిజను నూనె జిడ్డుకు తగిలితే మంట అక్కరలేకుండానే పేలుతుంది. నింపవలసినది తేమ లేని ఉత్త గాలి మాత్రమే.

పళ్లు చూసి ఎద్దును కొన్నట్లు

రెండు లక్షలు పెట్టలేనివారు పాతది కొనడంలో తప్పు లేదు. పైకి ఎదిగిన ఆటగాళ్లు మూడు నాలుగేళ్లకు పిస్తోలు మారుస్తారు. ఐతే సంతలో ఎద్దును కొనేటప్పుడు నోరు తెరిచి పళ్లు చూసినట్లు, దీనికీ చూసే చోట్లు ఉన్నాయి.

మొదట సిలిండరు మీద తయారీ తేదీ. కంపెనీలు పదేళ్ల ఆయుష్షు పెడతాయి. అది దాటినదాన్ని రేంజిలో అనుమతించరు, వాడడం ప్రమాదం కూడా. పిస్తోలు బాగున్నా సిలిండరు ముసలిదైతే కొత్త సిలిండరు ఖరీదును బేరంలో తగ్గించాలి. తర్వాత సిలిండరు నింపి, ముల్లు ఎక్కడున్నదో గుర్తు పెట్టుకొని రాత్రంతా ఉంచమనాలి. తెల్లవారేసరికి ముల్లు దిగి ఉంటే లోపలి వాషర్లు పోయినట్టు. అమ్మేవాడు ఒక్క రాత్రి ఆగనంటే ఆ బేరమే వదలాలి.

పేల్చి చూడకుండా కొనరాదు. పిస్తోలును బల్ల మీద మెత్తని సంచికి ఆనించి, పది మీటర్ల నుండి కదలకుండా ఐదు గుండ్లు వేయించండి. మంచిదైతే ఐదూ దాదాపు ఒకే చిల్లిగా పడతాయి. చెదిరితే వెంటనే పిస్తోలును తప్పు పట్టవద్దు, గుండు మార్చి చూడండి. గొట్టానికీ గుండుకూ కూడా జోడీ ఉంటుంది. పోటీ గుండ్లకు మూతి చదునుగా ఉంటుంది. కాగితానికి గుండ్రంగా చిల్లి కోయడానికి అది. మూతి కోసుగా ఉన్నవి ఈ ఆటకు కావు. మంచి రకం ఒక్కోటి రెండు మూడు రూపాయలు పడుతుంది. రోజుకు అరవై వేసే పిల్లకు నెలకు ఎంతవుతుందో తండ్రి ముందే లెక్క చూసుకోవాలి. పిస్తోలు ఒకసారి కొంటాం, గుండ్లు రోజూ కొంటాం.

ట్రిగ్గరు బరువు కొలవడానికి అర కిలో తూకంరాయిని దారంతో ట్రిగ్గరుకు వేలాడదీసి, గొట్టం పైకి ఉండేట్లు పట్టుకొని మెల్లగా లేపుతారు. రాయి లేచినా ట్రిగ్గరు పడకూడదు. పిడి కుడిచేతిదో ఎడమచేతిదో కూడా చూడండి. ఎడమచేతివాటం పిల్లకు కుడిచేతి పిడి కొని, కత్తితో చెక్కి సరిపెట్టుకున్నవారు ఉన్నారు.

మందు పిస్తోలు మాటేమిటి?

ఇంట్లో ఒకటి ఉంచుకోవాలన్న మోజు గలవారు మన ప్రాంతంలో తక్కువేమీ కాదు. వారికీ నాలుగు మాటలు. మన దేశంలో మామూలు పౌరుడికి దొరికే పిస్తోలు, రివాల్వరు ప్రధానంగా .32 కొలతవి. పోలీసు, సైన్యం వాడే 9 మిల్లీమీటర్ల వంటి కొలతలు పౌరులకు నిషిద్ధం. విదేశీ పిస్తోళ్ల దిగుమతి 1980ల నడుమ నుండి సామాన్యులకు మూసివేశారు. పేరు పొందిన ఆటగాళ్లకే వీలున్నది. అందుకే తాతల నాటి విదేశీ పిస్తోలుకు, అది ఎంత అరిగినదైనా, గుర్రం ఖరీదు పలుకుతుంది. అరిగిన గొట్టానికి అంత పోయడం బుద్ధిమంతుల పని కాదు.

ప్రభుత్వ ఆయుధ కర్మాగారాల సరుకు దీర్ఘకాలంగా అందుబాటులో ఉన్నది. 2014లో ఆడవారి కోసమని కాన్పూరు నుండి నిర్భీక్ అనే తేలికపాటి .32 రివాల్వరు తెచ్చినప్పుడు దాని ధర 1,22,360 రూపాయలు. ఆ ధర చూసి అప్పట్లోనే చాలామంది ముక్కున వేలేసుకున్నారు. 2021 అక్టోబరులో ఆ కర్మాగారాలను కంపెనీలుగా విడదీశారు. వాటిలో ఒక కంపెనీ 2023 ఆగస్టులో ప్రబల్ అనే మరో రివాల్వరు తెచ్చింది. పైగా 2025 సెప్టెంబరు 22 నుండి పిస్తోళ్లు, రివాల్వర్ల మీద జి.ఎస్.టి. 28 నుండి 40 శాతానికి పెరిగింది. మందు పిస్తోలులో నేర్చుకునేవాడికి ఇది తుపాకి ధరతో పోదు. తూటాకు తూటా ఖర్చే. సాధారణ లైసెన్సుదారుకు తూటాలు కూడా లెక్క కట్టి ఇస్తారు. ఏడాదికి అన్నీ కలిపినా పోటీ ఆటగాడి వారం రోజుల సాధనకు చాలవు.

లైసెన్సుకు దరఖాస్తు జిల్లా మేజిస్ట్రేటు అయిన కలెక్టరుకు చేయాలి. 21 ఏళ్లు నిండాలి. ఎందుకు కావాలో గట్టి కారణం చూపాలి. ఆరోగ్య పత్రం, ఆయుధం వాడడంలో శిక్షణ పత్రం, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందన్న హామీ జతపరచాలి. తర్వాత పోలీసు విచారణ. 2019 సవరణ తర్వాత లైసెన్సు ఐదేళ్లకు ఇస్తున్నారు. ఒకరికి రెండు ఆయుధాలకు మించి ఇవ్వరు. ఆటగాళ్లకు మాత్రం సడలింపు ఉంది. పెళ్లిలోనో తిరునాళ్లలోనో సంబరానికి గాలిలోకి పేల్చి ఇతరులకు ప్రమాదం తెచ్చినవారికి రెండేళ్ల జైలు లేదా లక్ష రూపాయల దాకా జరిమానా లేదా రెండూ. ఆ కాస్త మోజుకు ఇంత తంతు ఎందుకని అడిగితే సమాధానం చెప్పలేం.

పెద్దవారి పేరున ఉన్న తుపాకి విషయంలో మాత్రం చాలామంది తెలియక ఇరుక్కుంటున్నారు. లైసెన్సుదారు చనిపోయిన నాటి నుండి ఆ తుపాకి ఇంట్లో ఉండడానికి వీల్లేదు. దినవారాలు అయ్యాక చూద్దామనుకోకుండా పోలీసు స్టేషనులోనో, లైసెన్సు గల ఆయుధాల డీలరు వద్దనో అప్పగించి రసీదు తీసుకోవాలి. వారసులు తమ పేరు మీద లైసెన్సుకు దరఖాస్తు చేసుకోవచ్చు. పెద్దాయన బతికి ఉండగానే డెబ్బై ఏళ్లు నిండినా, ఆ తుపాకి ఇరవై ఐదేళ్లుగా ఆయన వద్ద ఉన్నా వారసుడికి మార్పించుకునే వీలు 2016 నియమావళిలో ఉన్నది. ఎన్నికలప్పుడు అధికారులు అప్పగించమన్న ఆయుధాలకూ రసీదు అడిగి తీసుకోండి.

దాచడం

మందుదైనా గాలిదైనా దాచే పద్ధతి తెలియాలి. పక్క ఊరిలో ఉంటున్న ఒక మాజీ సైనికుడిని ఈ విషయం అడిగితే నవ్వి ఇలా అన్నాడు. "తుపాకి ఒక చోట, తూటా ఒక చోట, తాళంచెవి నీ మొలతాడుకు నాయనా. మూడూ ఒక్కచోట చేరినాయంటే ఇంట్లో పిల్లోడు ఉండాడో లేదో చూసుకో."

ఆయనే ఇంకో మాట చెప్పాడు. తోలు సంచిలో పెట్టి బీరువాలో నెలల తరబడి ఉంచితే ఇనుము తుప్పు పడుతుంది. తోలు తేమను పట్టి ఉంచుతుంది. పొడి గుడ్డలో చుట్టి పెట్టెలో ఉంచాలి. తుడవడానికి పలుచని మిషను నూనె ఒక్క చుక్క చాలు. మన ఇళ్లలో ఏ ఇనుముకైనా ఆముదం రాయడం అలవాటు. పిస్తోలుకు మాత్రం అది పనికిరాదు, ఎండకు జిగురై దుమ్ము పట్టి ట్రిగ్గరును బిగదీస్తుంది. నింపిన గాలి సిలిండరును మే నెల ఎండలో బండి డిక్కీలో వదలరాదు. గుండు పెట్టకుండా ఉత్తుత్తిగా పేల్చడం స్ప్రింగు రకానికి చెరుపు. పోటీ పిస్తోళ్లలో ఆ సాధనకు వేరే మీట ఉంటుంది. గుండ్లు సీసంవి గనుక సాధన అయ్యాక చేతులు సబ్బుతో కడగనిదే అన్నం ముట్టకూడదు.

సాధనకు చోటు పెద్ద సమస్య కాదు. ముప్పై మూడు అడుగుల పొడవు, దాని వెనక మూడు అడుగులు ఉంటే చాలు. కొట్టం చాలు, వరండా చాలు. గురి వెనుక మాత్రం మార్కాపురం పలకరాతి గోడ ఉండకూడదు. రాతికి తగిలిన గుండు తిరిగి వచ్చి కొట్టినవాడినే తాకుతుంది. చెక్కపెట్టెలో పాత గోనెసంచులు కుక్కి, వాటి వెనక ఒక ఇనుప రేకు నిలబెట్టి, ముందు కాగితపు గురి అంటించాలి. గురి నడిమి భాగం నేలకు 140 సెంటీమీటర్ల ఎత్తున ఉండాలి. ఆ వైపు తలుపు ఉంటే గడియ వేయాలి. కోడి, దూడ, పిల్లలు చెప్పి రారు.

పోటీలకు పోవాలంటే 1951లో ఏర్పడిన జాతీయ రైఫిల్ సంఘానికి అనుబంధంగా ఉన్న రాష్ట్ర సంఘంలోనో, దాని కింది క్లబ్బులోనో సభ్యత్వం తీసుకోవాలి. కాలేజీలో ఎన్.సి.సి. ఉంటే అందులో చేరితే .22 రైఫిలు పేల్చే అనుభవం ఉచితంగా వస్తుంది, క్రమశిక్షణ అలవడుతుంది. రేంజిల్లో నేర్పేవారు మొదటి కొన్ని నెలలు తమ పిస్తోలే ఇస్తారు. అద్దె తీసుకుంటారు. మా సలహా ఏమంటే, సెలవుల్లో ఒక నెల హైదరాబాదు వంటి చోట బంధువుల ఇంట ఉండి రేంజి పిస్తోలుతో నేర్చుకున్నాకే డబ్బు తీయాలి. నెల తిరిగేలోపు మోజు తీరితే రెండు లక్షలు మిగులుతాయి. తీరకపోతే ఏ పిడి చేతికి అమరుతుందో ఆ పిల్లకే తెలిసిపోతుంది.

మన రైతు అదే పద్ధతికి వచ్చాడు. బావమరిదికి వద్దని చెప్పాడు, ఆయన కాస్త ముఖం ముడుచుకున్నాడట. మిరప అమ్మాక వేసవిలో కూతురిని నెల రోజులు పంపాలని అనుకుంటున్నారు. ఈలోగా ఆ పిల్ల ఊరుకోలేదు. కొట్టంలో సుద్దతో గీత గీసి, ముప్పై మూడు అడుగుల అవతల గుంజకు ఒక చొక్కా గుండీ మేకుతో కొట్టింది. పోటీ పిస్తోలు బరువు కిలో దరిదాపు అని చెప్పగా లీటరు సీసాను నీళ్లతో నింపుకొని, పొద్దున్నే కుడిచెయ్యి చాచి ఆ గుండీ కేసి చూస్తూ నిలబడుతున్నది. మొదటి రోజు ఇరవై దాకా లెక్కపెట్టేసరికి చెయ్యి వణికిందట. మేము పోయిన రోజు అరవై దాకా వచ్చింది. గేదెలు మాత్రం మేత మాని ఆమె వంకే చూస్తున్నాయి.